ఎడమ అత్త, కుడి పిన్ని

ఏప్రిల్ 4

మా పాత కారు ఇనప్పెట్టె కార్బురేటర్ విప్పాను. లోపల కందిరీగలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, పెంచి, గది ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. పోతూపోతూ మట్టి గోడలు మాత్రం నాకు వదిలేశాయి. గుండుసూదితో గంటసేపు గీకాను. మా ఆయన షెడ్డు గుమ్మంలో నిలబడి, అరవై దాటిన ఆడవాళ్ళు చేసే పనులు వేరే ఉంటాయన్నాడు. అవేమిటో చెప్పమన్నాను. ఆలోచించి చెప్తానని లోపలికి వెళ్ళాడు. తూనికలు కొలతల ఆఫీసులో రిటైరైన మనిషి. ఏ మాటైనా రెండుసార్లు తూచిగానీ బయటపెట్టడు.

రేడియో ఇవాళా మాట్లాడలేదు. ఆసుపత్రివాళ్ళు పక్షవాతం అన్నారు. తలలో ఎడమవైపు ఏదో నరం పూడుకుపోయిందట, అందుకే కుడి చెయ్యి లేవదట, మాట రాదట. మనం చెప్పింది అర్థమవుతుందట గానీ తిరిగి చెప్పబోతే పదం దొరకదట. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు కూర్చుని ఊరందరి మాటలూ కలిపి, మిగిలినవి ఇంటికి తెచ్చి నా చెవిలో పోసి, రేడియో అని పేరు పెట్టించుకున్న నా ఆడపడుచుకి పదం దొరకకపోవడమేమిటి? నేను నమ్మను. అలిగింది. దేనికో నాకు గుర్తు రావడం లేదు గానీ, అలిగింది. కోపం తగ్గాక తనే దిగొస్తుంది.

దిగిరావడం అంటే మాటవరసకి. తను ఉండేది మేడ మీద గదిలో. దింపాలంటే ఇద్దరం చెరోవైపూ పట్టాలి.

ఏప్రిల్ 9

కార్బురేటర్ బిగించాను. రెండు మరలు మిగిలాయి. మంచిదే, బండి బరువు తగ్గింది.

ఏప్రిల్ 15

పాతకార్ల క్లబ్బు కార్యదర్శి ఫోన్ చేశాడు. ఎండలో, నీడలో, ఇంట్లో కూడా టోపీ పెట్టుకునే మనిషి, అందుకే నాకు అతను టోపీ. జూన్‌లో కొండదారి మీద పాత ర్యాలీ కార్ల పరుగు పెడుతున్నారట. పేరున్న బండ్లన్నీ వస్తున్నాయట. చివర్లో, మీ దగ్గర ఆ ట్రాక్టర్ కంపెనీ కారు ఇంకా ఉందా పాపం, అన్నాడు. ఆ పాపం విన్నాక ఒళ్ళు మండింది. వస్తున్నానని అప్పుడే చెప్పేశాను.

ఏం తెలుసు టోపీకి? ట్రాక్టర్లు చేసుకునే కంపెనీ ఎవరి పోరు పడలేకో నాలుగేళ్ళపాటు కారు చేసింది. అందం గురించి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ముందునుంచి చూస్తే బీరువా, పక్కనుంచి చూస్తే పడుకోబెట్టిన బీరువా. తలుపు వేస్తే వీధి చివర వినిపిస్తుంది. కింద లారీకి వేసే కమాన్లు, లోపల ఏ గతుకులోనూ కంగారుపడని ఇంజను. మెల్లగా వెళ్తుంది, నిజమే. నేనూ రేడియో ర్యాలీలకి వెళ్ళిన రోజుల్లో రెండు తలుపుల సొగసుగత్తె కార్లన్నీ మమ్మల్ని దాటిపోయేవి. సాయంత్రానికి ఒకటి కాలవలో, ఒకటి చెట్టుకి, ఒకటి పొగలో. మేము నిమ్మకు నీరెత్తినట్టు వాటి పక్కనుంచి వెళ్ళేవాళ్ళం. రేడియో కిటికీలోంచి తల బయటపెట్టి, ఏమండీ, ఏమైనా పంపమంటారా అని అడిగేది. ఏ ర్యాలీలోనూ మేము గెలవలేదు. ఏ ర్యాలీలోనూ ఆగలేదు. పేపర్లో ఫొటో మాత్రం ఎప్పుడూ చెట్టుకి కొట్టుకున్నవాడిదే. మా పేర్లు వేసినా, వదినా మరదళ్ళు సరదాగా వచ్చారని రాసేవాళ్ళు. సరదాగా అట. వెన్నుపూసలు ఒకదానిమీద ఒకటి కూర్చునేవి.

పరుగుకి పక్కన కూర్చుని దారి చెప్పే నావిగేటర్ ఉండాలని టోపీ గుర్తుచేశాడు. ఎవరని అడిగాడు. ఎవరేమిటి, పాత మనిషే అన్నాను. అప్పటికి అలక తీరకపోతుందా?

ఏప్రిల్ 20

మా ఆయన ఊరి చివర హోమ్ చూసి వచ్చాడు. కదల్లేనివాళ్ళని, మాట పోయినవాళ్ళని పెట్టుకుని చూసే చోటు. జూన్ ఆఖరుకి కింది వసారా వైపు గది ఒకటి ఖాళీ అవుతుందట. మనింటి పిల్లని ఎక్కడికీ పంపేది లేదన్నాను. పిల్లకి యాభై ఎనిమిది. మా ఆయన మూడు మాటలు తూచి చెప్పాడు. నేను పొద్దున్నే నా డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి పోతాను, తన మోకాళ్ళు ఆ మెట్లెక్కవు, చెల్లెలు పొద్దస్తమానం గోడని చూస్తూ కూర్చుంటోంది. గోడకి కొత్త రంగు వేయిస్తానన్నాను.

నా మాట నాకే చెత్తగా వినిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఏప్రిల్ 25

మాట్లాడింది! చెప్పలేదూ నేను?

మాటలు నేర్పే టీచరు దగ్గరికి తీసుకెళ్ళడానికి దింపుతున్నాం. మెట్లు మధ్యలో గోడ దగ్గర వెనక్కి తిరుగుతాయి, అక్కడ నేనూ మా ఆయనా ఇరుక్కుని, నువ్వు ముందంటే నువ్వు ముందని వాదించుకుంటుంటే, రేడియో స్పష్టంగా, విసుగ్గా, "అత్త" అంది. మా ఆయన చేయి వదిలేయబోయాడు. నేను ఏడుపు ఆపుకోవడానికి క్లచ్ గురించి ఏదో మాట్లాడాను.

టీచరు దగ్గర మాత్రం బొమ్మల కార్డులు విసిరికొట్టింది. కుక్క బొమ్మ నాకే తగిలింది. రెండు నెలలుగా ప్రయత్నమే చేయడం లేదండీ, తను చేతులు ఎత్తేస్తే నేను చేయగలిగింది తక్కువ అంది టీచరు. నెమ్మదైన అమ్మాయి. నిజం చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తుంది, అదే నాకు నచ్చదు.

దారి పొడుగునా మా ఆయన ఒకటే ఆలోచన. చెల్లికి పెళ్ళి కాలేదు కాబట్టి ఆ అత్త లేదు. కాబట్టి మేనత్తనే పిలుస్తోందని తేల్చాడు. అన్నదమ్ముల పిల్లలందరినీ తొడపాశాలు పెట్టి పెంచిన మేనత్త, ఎనభై దాటింది, పక్క ఊళ్ళో ఉంటుంది. చిన్నప్పటి ప్రేమ బయటికొచ్చిందన్నాడు. ఇంటికి రాగానే ఫోన్ తిప్పాడు.

ఏప్రిల్ 29

మేనత్తగారు దిగారు. మూడు పెట్టెలు, ఒక మడత మంచం, రెండు డబ్బాల మందులు. "నన్నే పిలిచిందటగా బంగారుతల్లి" అని గుమ్మంలోనే మొదలుపెట్టి, రేడియో మెడ పట్టుకుని గదిలో పావుగంట ఏడ్చింది. రేడియో నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఎక్స్ఛేంజీలో ఎవరైనా లైను ఆక్రమించి కబుర్లు చెప్తుంటే చూసే చూపు.

మే 3

మేనత్తగారు ఇవాళ నా స్పానర్లన్నీ కడిగి ఎండలో ఆరబెట్టింది.

మే 8

అక్షరాలు వంకరగా పడుతున్నాయి. పడనీ.

టీచరు గది పై అంతస్తులో. చక్రాల కుర్చీలు ఎక్కడానికి వాలుదారి ఉంది, సగం ఎక్కాక వెనక్కి మళ్ళి మిగతా సగం ఎక్కాలి. నేను తోస్తున్నాను, వెనకాల మేనత్తగారు ఆయాసపడుతూ వస్తోంది. మలుపు దగ్గరికి రాగానే రేడియో, "అత్త" అంది. "ఇక్కడే ఉన్నానమ్మా, ఎక్కడికీ పోలేదు" అని మేనత్తగారు ముందుకొచ్చింది. మలుపు తిరిగాం. పైన పొడుగాటి వరండా, చివరిదాకా ఖాళీ. రేడియో హాయిగా వెనక్కి వాలి, "మామగారు" అంది. మేనత్తగారు నోరు తెరిచింది. ఏ మామగారే, నీకు పెళ్ళెక్కడైంది, పిల్లకి మతి కూడా పోయిందని నుదురు కొట్టుకుంది. కాస్త ముందు నేలలో ఒక పలక లేచిపోయి గుంట పడి ఉంది. దానికి గజం దూరంలో రేడియో చూపుడువేలు లేపి, గట్టిగా, "అల్లుడు" అంది.

కుర్చీ ఆపేశాను. గుంట దగ్గరే నేలమీద చతికిలబడి నవ్వాను, తర్వాత ఏడ్చాను, తర్వాత రెండూ కలిసిపోయాయి. రేడియో తన ఎడంచేత్తో నా నెత్తిమీద ఒక్కటిచ్చింది. ఇన్నాళ్ళకి బుర్ర వెలిగిందా మొద్దూ అన్నట్టు.

అలక కాదు. ఇది రాయడానికి ఇంతసేపు పట్టింది. అలక కానే కాదు. నాకు భయమేసి అలక అని పేరు పెట్టుకున్నాను.

మే 9

టీచరుకి అంతా చెప్పాను. ఆమె రాసుకోవడం మొదలుపెట్టేసరికి నాకు సిగ్గేసింది.

ర్యాలీలో నావిగేటర్ ముందున్న మలుపు ఎంత వంకరో చెప్పాలి. అందరూ అంకెల్లో చెప్పుకుంటారు. మేమూ మొదట్లో అలాగే చేశాం. ఇనప్పెట్టె రొదలో తను నూరు గజాలంటే నాకు ఆరో నంబరు మలుపని వినిపించి, సరాసరి ఎవరి చేలోకో వెళ్ళి బండి నిలబెట్టాను. ఆ రోజు గట్టుమీద కూర్చుని, అంకెలు అన్నీ ఒకలాగే వినిపిస్తాయి వదినా, చుట్టాలైతే ఎవరి గోల వాళ్ళదే అంది రేడియో. తన కన్నతల్లినే మొదట వాడేసింది. మా అమ్మని మించిన వంకర మలుపు ఏ కొండమీదా లేదు, అత్త అన్నానంటే మొత్తం బ్రేకు, ఒకటో గేరు, నోరు మూసుకుని తిప్పు అంది. చెల్లెలంటే కాస్త వంపు, కాలు తియ్యక్కర్లేదు. పిన్ని అంటే కొంచెం మర్యాద, మూడో గేరు. తోడికోడలు తియ్యగా మొదలై మధ్యలో బిగుసుకుంటుంది. మామగారంటే తిన్నటి రోడ్డు, పాపం ఎవరి జోలికీ రాని మనిషి, పూర్తిగా తొక్కెయ్యి. బావగారంటే అవతల ఏముందో కనబడని మిట్ట. అల్లుడు అంటే గుంట, ఎంత పోసినా పూడదు.

"మరి మీవారు?" అని టీచరు అడిగింది.

మా ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. చెప్పక తప్పలేదు. అన్నయ్య అంటే బురద. కాలు పెడితే ముందుకీ పోదు, వెనక్కీ రాదు. మా ఆయన చాలాసేపు తూచి, "ఇరవై ఏళ్ళకి పైగా నా వెనకాల ఇది నడిచిందా?" అన్నాడు. రేడియో నవ్వింది. నోరు ఒక పక్కకే వెళ్ళింది గానీ, నవ్వే.

టీచరు కళ్ళు మెరిశాయి. బాగా అలవాటైపోయిన మాటలు ఒక్కోసారి ఇలాగే మిగిలిపోతాయట, పాటలు మిగిలినట్టు. వాటిని పట్టుకుని మిగతావి లాగొచ్చట. లాగొచ్చు అంది, వస్తాయి అనలేదు. ఈసారి కూడా గొంతు తగ్గించే అంది.

మేనత్తగారికి విషయం తెలిసింది. తను రోడ్డు మలుపని తెలిశాక సాయంత్రం బస్సుకే మూడు పెట్టెలూ సర్దుకుంది. మడత మంచం మాత్రం కోపంతో వదిలేసింది.

మే 17

రేడియోని ఇనప్పెట్టెలో కూర్చోబెట్టి డ్రైవింగ్ స్కూలు మైదానం చుట్టూ తిప్పాను. ఎక్కించడం ఒక యుద్ధం. ఎక్కాక ముందు అద్దం మీద దుమ్ము వేలితో తుడిచి, ముక్కుతో పెద్దగా గాలి పీల్చింది. ఆయిలు, పాత రెగ్జిను, కాస్త ఎలకల వాసన. నాకూ గుండె నిండిపోయింది.

ఒక చిక్కుంది. చుట్టం ఎప్పుడూ తప్పడం లేదు గానీ, కుడి ఎడమలు తారుమారవుతున్నాయి. కుడి పిన్ని అంది, నమ్మి తిప్పాను, స్కూలు బోర్డు పడిపోయింది. "ఇక్కడ సురక్షితంగా నేర్పబడును" అన్న బోర్డే. లైసెన్సు కోసం నేర్చుకుంటున్న నలుగురు చూస్తున్నారు. ఇది ఎలా చేయకూడదో చూపించానని చెప్పాను. తర్వాత గమనిస్తే, నోరు కుడి అంటున్నప్పుడు ఎడంచెయ్యి ఎడమకే వాలుతోంది. ఇక తేలిపోయింది. ఎటు అనేది చెయ్యి చెప్తుంది. ఎంత అనేది నోరు చెప్తుంది.

మే 24

పెద్ద గొడవ. మా ఆయన హోమ్‌లో గది మాట్లాడి ఉంచాడట. నాతో చెప్పకుండా. బురద అన్నందుకు కక్షా అన్నాను. కక్ష కాదు, దాని మొహం చూడు, కారులో ఉన్న గంట బాగుంటుంది, మిగతా ఇరవై మూడు గంటలు ఎవరున్నారు దానికి అన్నాడు. నేనున్నానన్నాను. నువ్వు షెడ్డులో ఉంటావన్నాడు.

చివరికి ఒప్పందం. పరుగు అయిపోయాక రేడియోని అక్కడికి తీసుకెళ్ళి చూపించి, తననే అడగాలి. తను ఏమంటే అది. నేను వెంటనే సరేనన్నాను. తను ఇక్కడినుంచి కదలదు. నాకు తెలియదా? పైగా తన మాట ఈ ఇంట్లో సరిగ్గా అర్థమయ్యేది నాకొక్కదానికే. మా ఆయనకి చుట్టాల వరస ఇంకా రాలేదు, పిన్నికీ చెల్లెలికీ తేడా తెలియడం లేదు.

జూన్ 6

హారన్ మోగడం లేదు. రేడియో ఉండగా హారన్ ఎందుకు?

జూన్ 14

ఒళ్ళు హూనమైపోయింది. అయినా రాస్తాను.

పొద్దున్నే కొండ కింద మైదానంలో అన్ని బండ్లూ తళతళలాడుతున్నాయి. ఒకాయన దూదితో చక్రాలు తుడుస్తున్నాడు. మా ఇనప్పెట్టె లోపలికి రాగానే పక్కవాళ్ళు సామాన్ల బండి అటువైపు అన్నారు. టోపీ వచ్చి రేడియోని చూసి, నన్ను పక్కకి పిలిచి, పాపం మాట పడిపోయిన మనిషిని నావిగేటర్‌గా ఎలా రాసుకోమంటారండీ అన్నాడు. మెల్లగానే అన్నాడు, కానీ రేడియో చెవులకేం కాలేదు. టోపీని పైనుంచి కిందిదాకా చూసి, "అల్లుడు" అంది. ఏమంటున్నారని అడిగాడు. మిమ్మల్ని ఇంటి మనిషిలా చూస్తోందన్నాను. మెత్తబడి రాసుకున్నాడు.

ఇది పందెం కాదు, చెప్పిన వేళకి చెప్పిన చోటికి చేరాలి, అంతే. ఆ కొండ ర్యాలీల రోజుల్లో మేము ఎన్నిసార్లు ఎక్కామో లెక్కలేదు. మొదటి మలుపు కనబడకముందే రేడియో అందుకుంది. పిన్ని. చెల్లెలు. చెల్లెలు. తోడికోడలు. గొంతు బొంగురుగా ఉంది గానీ వేళ తప్పలేదు, గేరు మార్చడానికి నాకు ఎంత టైము కావాలో అంత ముందు చెప్తోంది. వెనకనుంచి ఎర్రది ఒకటి మమ్మల్ని దాటి, దుమ్ము కొట్టి పోయింది. పోనీ అన్నాను. రేడియో కూడా ఏదో అనబోయి, పదం దొరక్క, నాలిక బయటపెట్టింది.

సగం కొండ ఎక్కాక మబ్బు దిగింది. ముందు దీపాలు వేస్తే తెల్లటి గోడ. రోడ్డు అంచు లేదు, లోయ లేదు, బానెట్టు కొస కూడా లేదు. మబ్బు అంచున బండ్లు ఒకటొకటిగా ఆగిపోయి ఉన్నాయి. ఎర్రదాని యజమాని కిందికి దిగి, ఆగండని చేతులూపుతున్నాడు. నేనూ కాలు తీశాను. ఇంటి దగ్గర మా ఆయన మొహం గుర్తొచ్చింది. ఆయన చెల్లెల్ని లోయలో పారేసి ఏ మొహంతో వెళ్తాను? సరిగ్గా అప్పుడు రేడియో నా మోచేతి మీద తట్టి, "మామగారు" అంది. తిన్నటి రోడ్డు, తొక్కు అని. నా కళ్ళకి ఏమీ కనబడటం లేదు. తనకీ కనబడదు, తను పాత రోడ్డు తలలోంచి చదువుతోంది, పదాలు దొరకని ఆ తలలోంచే. నమ్మాలా?

తొక్కాను. తిన్నగానే ఉంది. తర్వాత బావగారు, మిట్ట ఎక్కి దిగాం. తర్వాత కుడి అత్త అంటూ చెయ్యి ఎడమకి వాల్చింది. చేతినే నమ్మి ఎడమకి తిప్పాను. పక్కనే రాతిగోడ అద్దానికి జానెడు దూరంలో మెల్లగా వెనక్కి పోయింది. నాకు చెమటతో స్టీరింగు జారుతోంది. తను మాత్రం ఎక్స్ఛేంజీలో ట్రంకు కాలు కలుపుతున్నంత తాపీగా, ఒకదాని తర్వాత ఒకటి చుట్టాల్ని పంపుతూనే ఉంది. మబ్బు దాటి ఎండలోకి రాగానే ఇద్దరం ఒకేసారి కేక పెట్టాం. ఆ కేకకి పదం అక్కర్లేదు.

పైకి వేళకి చేరింది మేమూ, ఇంకో రెండు బండ్లూ. కప్పు ఇంకెవరికో ఇచ్చారు, అందంగా ఉన్న బండికట. మా గురించి టోపీ మైకులో, వదినా మరదళ్ళు సరదాగా వచ్చారన్నాడు.

ఇంత సంతోషం నాకు ఏళ్ళ తర్వాత వచ్చింది. ఇక హోమ్ మాట ఎవరెత్తుతారో చూస్తాను.

జూన్ 15

ఒప్పందం ప్రకారం హోమ్‌కి వెళ్ళాం. కింద పొడుగాటి వసారా, మెట్లు లేవు. కుర్చీల్లో ఒక ఇరవైమంది. ఇద్దరు ఆడవాళ్ళు క్యారమ్ బోర్డు దగ్గర పోట్లాడుకుంటున్నారు, ఎర్రకాయ ఎవరిదని. నడవాలో బల్లమీద ఫోన్ మోగితే రేడియో మెడ అటు తిరిగింది. మాటల టీచరు ఇక్కడికి రోజూ వస్తుందట. మా ఆయన ఆ మోకాళ్ళతోనే కిందికి వంగి, "ఇక్కడుంటావా, ఇంటికి పోదామా? నీ ఇష్టమేనమ్మా" అన్నాడు.

తను వసారా చివరిదాకా చూసి ఒక మాట అంది. మా ఆయనకి అర్థం కాక నా వైపు చూశాడు.

అల్లుడు అంది అన్నాను. గుంట. దిగొద్దంటోంది.

ఇంటికి వచ్చేశాం. గెలిచాం.

జూన్ 16

అల్లుడు అనే అంది. అక్కడ ఆ క్యారమ్ గోలలో కాస్త అటూ ఇటూ వినిపించి ఉండొచ్చు గానీ, అల్లుడే.

జూన్ 18

బండి కడిగాను. కమాన్లకి గ్రీజు పెట్టాను. మా ఆయన గది వద్దని ఫోన్ చేయబోయాడు. నెలాఖరుదాకా ఆగుదాంలే, తొందరేముంది అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

రేడియో ఎవరితోనూ మాట్లాడటం లేదు. అలసట అయ్యుంటుంది.

జూన్ 20

టీచరు దగ్గరికి దింపుతుంటే మెట్ల మలుపు వచ్చింది. రేడియో ఏమీ అనలేదు. వాలుదారి మలుపులో అనలేదు. వరండాలో అనలేదు. గుంట మీదుగా కావాలనే తోశాను. కుర్చీ ఎగిరిపడింది. అప్పుడు కూడా నోరు విప్పలేదు. నా వైపు చూడనైనా చూడలేదు.

టీచరు, ఏమైంది, మళ్ళీ మొదటికి వచ్చిందేమిటి అని అడిగింది. నాకేం తెలుసన్నాను.

జూన్ 22

మామగారు అంది.

హోమ్‌లో, వసారా చూసి, మామగారు అంది. తిన్నటి దారి, అడ్డమేమీ లేదు, పూర్తిగా తొక్కెయ్యి అని. నేను స్పష్టంగా విన్నాను. మబ్బులో విన్నంత స్పష్టంగా.

తన నోట్లో ఉన్నవే గుప్పెడు మాటలు. అందులో ఒకటి బయటికి తీసి ఇస్తే, నేను దాన్ని తిప్పేసి మా ఆయన చేతిలో పెట్టాను. ఇక తను మాట్లాడటం ఎందుకు? నేనైనా నోరు మూసుకునేదాన్నే.

పొద్దున స్కూలుకి సెలవు పెట్టి మా ఆయన్ని మేడ ఎక్కించాను. మెట్టు మెట్టుకీ మోకాళ్ళని తిట్టుకుంటూ ఎక్కాడు. రేడియో గోడ వైపు తిరిగి ఉంది. తన ఎదురుగానే చెప్పాను.

"ఆ రోజు అల్లుడు అనలేదండీ. మామగారు అంది. అక్కడే ఉంటానంది. నేను అబద్ధం చెప్పాను."

మా ఆయన ఎందుకని అడగలేదు. ఆ మనిషి అడక్కపోతే నాకు ఇంకా కష్టం. అందుకని నేనే రేడియోకి చెప్పాను. నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకెవరున్నారే, మీ అన్నయ్య రోజుకి నాలుగు మాటలు తూచి ఇస్తాడు, వాటితో నేనెలా బతకాలి అన్నాను. నీ కోసం అనుకున్నాను గానీ నా కోసమేనే అన్నాను.

రేడియో గోడ వైపునుంచి ఇటు తిరిగింది. చాలాసేపు నోరు కదిలించింది. ఏదో వెతుకుతోంది, దొరకడం లేదు, పళ్ళు నూరుకుంది, మళ్ళీ వెతికింది. చుట్టాలెవరూ పనికిరాలేదు కాబోలు. చివరికి చెమట పట్టిన మొహంతో, ఒక్కొక్క ముక్కా తెచ్చి పేర్చినట్టు, "గోడ... నచ్చదు" అంది.

అది మా లెక్కలో లేని మాట. రెండూ లేనివే. ఈ ఏడాదిలో తనంతట తను పుట్టించుకున్న మొదటి వాక్యం, అది కూడా నా ఇంటిమీద ఫిర్యాదు. మా ఆయన మడత మంచం మీద కూర్చుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, తుడిచిందే తుడిచాడు. నేను తన ఎడంచెయ్యి పట్టుకున్నాను. ఈసారి నెత్తిమీద కొట్టలేదు.

జూన్ 29

తన సామానంతా ఒక్క పెట్టెలో సరిపోయింది. నేను మూడు పెట్టెలు తెచ్చి ఉంచాను.

జూన్ 30

ఇనప్పెట్టెలోనే తీసుకెళ్ళాను. మా ఆయన వెనక సీట్లో మడత మంచంతో. దారిలో ఒక్క మలుపూ వదలకుండా చెప్పింది. గేటు దగ్గర ఈమధ్య కురిసిన వాన నీళ్ళు నిలిచి ఉంటే, వెనక్కి తిరిగి మరీ, "అన్నయ్య" అంది. మా ఆయనకి ఈసారి తర్జుమా అవసరం లేకపోయింది.

వసారాలోకి వెళ్ళిన పది నిమిషాలకే క్యారమ్ ఆడవాళ్ళ మధ్య కుర్చీ వేయించుకుంది. ఒకావిడ గురి చూస్తుంటే, రేడియో బోర్డు మీదికి వంగి, కాయని ఎంత వంచి కొట్టాలో చెప్తూ, "పిన్ని, పిన్ని" అంటోంది. ఎవరి పిన్నో వాళ్ళకి అర్థం కాలేదు. రెండోసారికి అర్థమైనట్టుంది, కాయ పడింది. ముగ్గురూ అరిచారు. నేను వెళ్ళొస్తానన్నాను. చెయ్యి ఊపింది గానీ తల ఎత్తలేదు, ఆట మధ్యలో ఉంది. నాకు కోపం రావాలి. రాలేదు. కడుపు నిండినట్టే ఉంది, ఖాళీగానూ ఉంది.

మా ఆయన కాగితాల పని ఉందని అక్కడ ఆగాడు. ఒక్కదాన్నే బయల్దేరాను. ఇంటిదాకా మలుపులన్నీ నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు, నా స్కూలు పిల్లలకి నేను నేర్పే దారే అది. అయినా మొదటి మలుపు దగ్గర కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది. ఎంత వంకరో ఎవరూ చెప్పలేదు. ఆపి, మెడ చాచి చూసుకుని, మెల్లగా తిప్పాను. రెండోదాని దగ్గరా అంతే. మూడోదాని దగ్గర వెనక లారీ అతను హారన్ కొట్టి కొట్టి, పక్కకి వచ్చి, కిందికి వంగి చూశాడు. తిడతాడనుకున్నాను. నా నెరిసిన జుట్టు చూసో, కళ్ళు చూసో, గొంతు తగ్గించాడు.

"ఏమ్మా, కొత్తగా నేర్చుకుంటున్నారా?"

అవును బాబూ, ఇవాళే మొదలుపెట్టానన్నాను.